వెనక చక్రాలు ఎగురుతున్నాయి: ఫ్లోర్ కోయాలా, పట్టీలు మార్చాలా?

ప్రశ్న

డాలస్ దగ్గర ఉండే ఒక పాఠకుడు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

సొంతూరు ఖమ్మం వైపు. అమెరికా వచ్చి 19 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ వీధి చివర ఉండే ఒక పెద్దావిడ, భర్త పోయాక, ఆయన కారు అమ్ముతుంటే కొన్నారు. 1969 షెవర్లే కమారో. 307 వీ8 (307 ఘనపుటంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్)తో వచ్చిన మామూలు కారు, ఎక్కువ శక్తి ఉన్న ఎస్ఎస్ రకం కాదు. పాత ఇంజన్ అరిగిపోతే పోయినేడాది తండ్రీకొడుకులిద్దరూ కలిసి ఎల్ఎస్3 ఇంజన్ (జనరల్ మోటార్స్ వాళ్ళ కొత్తతరం వీ8), ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ దింపారు. వెనక భాగం మాత్రం ముట్టుకోలేదు: అవే ఒంటి పట్టీ స్ప్రింగులు (కమాన్ కట్టలో లాంటి ఉక్కు పట్టీ, ఒక్కో వైపు ఒక్కటే), అదే టెన్ బోల్ట్ యాక్సిల్ (మూత పది బోల్టులతో బిగించినది).

అప్పటి నుంచి ఫస్ట్ గేర్లో గట్టిగా తొక్కితే వెనక చక్రాలు దడదడా ఎగురుతున్నాయి, "డిక్కీలో ఎవరో కూర్చుని సమ్మెటతో కొడుతున్నట్టు" అని రాశారు. మలుపులో గతుకు తగిలితే వెనక భాగం పక్కకి జరుగుతోంది, టైరు ఫెండర్ అంచుకి రాసుకుంటోంది. ఒక షాపులో చూపిస్తే పట్టీలు తీసేసి, ఫ్లోర్ కోసి ఫోర్ లింక్ (యాక్సిల్‌ని నాలుగు రాడ్లతో పట్టి ఉంచే పద్ధతి), కాయిలోవర్లు (చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉండే షాకులు) పెట్టాలని, మొత్తం 9,500 డాలర్లు అవుతుందని చెప్పారు. తిన్నటి దారిలో రేసులు జరిగే డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్ళే స్నేహితుడు ట్రాక్షన్ బార్లు (యాక్సిల్ మెలితిరగకుండా ఆపే బార్లు) చాలు, ఒక్క శనివారం పని అన్నాడు. 17 ఏళ్ళ కొడుకు ఫోర్ లింకే కావాలంటున్నాడు. చేతిలో ఉన్నది 8,000 డాలర్లు. ఇది అక్టోబరు, వచ్చే ఆగస్టులో అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోతాడు. భార్య డబ్బు గురించి అడగలేదట. "వాడు వెళ్ళేలోగా ఇది రోడ్డెక్కుతుందా?" అని మాత్రం అడిగారట.

ఇంకో ముడి కూడా ఉంది. కారు ఇచ్చేటప్పుడు ఆ పెద్దావిడ "దీన్ని ముక్కలు చేయకండి" అన్నారు, ఈయన మాటిచ్చారు. ఇప్పుడు ఫ్లోర్ కోస్తే మాట తప్పినట్టేనా అని ఈయన బాధ.

సమాధానం

మీకు ముగ్గురు మందు చెప్పారు. ఆ ముగ్గురిలో కారు కిందకి దూరి చూసినవాళ్ళు ఉన్నట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు. కాబట్టి ముందు రోగం సంగతి చూద్దాం.

1967లో కమారో వచ్చినప్పుడు వెనక ఒక్కో వైపు ఒకే పట్టీ ఉన్న స్ప్రింగు పెట్టారు, షాక్ అబ్జార్బర్లు రెండూ యాక్సిల్‌కి ముందే ఉండేవి. పెద్ద ఇంజన్ల కార్లలో అప్పుడే ఈ ఎగురుడు బయటపడింది. 1968లో ఒక షాక్‌ని యాక్సిల్‌కి ముందు, రెండోదాన్ని వెనక పెట్టారు. బలమైన ఇంజన్లున్న కార్లకి ఒంటి పట్టీ తీసేసి పట్టీల కట్ట ఇచ్చారు. మీ కారు 307తో వచ్చింది కాబట్టి దానికి ఒంటి పట్టీ సరిపోతుందనుకున్నారు, అప్పటికి అది సరిపోయింది కూడా. ఆ ఇంజన్‌కి కంపెనీ చెప్పిన లెక్క 200 హార్స్‌పవర్. అదీ సైలెన్సర్, ఫ్యాన్ లాంటివి లేకుండా బెంచీ మీద కొలిచిన అంకె. మీరు దింపిన ఎల్ఎస్3 క్రేట్ ఇంజన్ 430. శక్తి రెట్టింపు దాటింది, దాన్ని నేలకి దించే పట్టీ మాత్రం 1969 నాటిదే.

ఆ దడదడ పుట్టేది ఇలా. చక్రం ముందుకు తిరుగుతుంటే యాక్సిల్ హౌసింగ్ దానికి ఎదురుదిక్కున తిరగాలని చూస్తుంది. డ్రైవ్ షాఫ్ట్ వచ్చి కలిసే ముక్కు పైకి లేస్తుంది. దాన్ని ఆపాల్సింది ఆ పట్టీయే. పట్టీ ముందు సగం ఒకవైపు, వెనక సగం ఇంకోవైపు వంగి పాములా మెలికపడుతుంది. ఒక హద్దు దాటగానే టైరు పట్టు జారుతుంది, పట్టీ సాగి వెనక్కి కొడుతుంది, టైరు మళ్ళీ నేలని పట్టుకుంటుంది, మళ్ళీ మెలిక. మీరు యాక్సిలరేటర్ వదిలేదాకా ఇదే వరస. దీన్ని "కొంచెం శబ్దం" అనుకుని వదిలేయకండి. డ్రైవ్ షాఫ్ట్ క్రాస్‌లు, పట్టీ ముందు కన్ను (పట్టీని బాడీకి బిగించే చుట్ట), డిఫరెన్షియల్ పళ్ళు విరిగేది ఈ దెబ్బలకే. ఏదో ఒకటి తేలేదాకా ఫస్ట్ గేర్లో పూర్తిగా తొక్కవద్దని మీకూ అబ్బాయికీ నా మనవి.

మీవాడు పట్టీలంటే లారీలకే అనుకుంటున్నాడేమో. 1968లోనూ 1969లోనూ ట్రాన్స్ యామ్ రేసుల్లో తయారీదారుల టైటిల్ షెవర్లేకి తెచ్చింది మార్క్ డోనహ్యూ నడిపిన పెన్స్కీ జట్టు కమారోలు. వాటి వెనక ఉన్నది పట్టీలే. క్రైస్లర్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. యాక్సిల్‌ని పట్టీకి నడిమధ్యన బిగించకుండా ముందు కన్నుకి దగ్గరగా బిగించారు. ముందు భాగం పొట్టిగా, బిరుసుగా ఉండి మెలికని అదే ఆపుతుంది. వాళ్ళ రోడ్ రన్నర్, కుడా కార్లు ఆ పట్టీల మీదే పరిగెత్తాయి. పట్టీకి ఉన్న అసలు ఇబ్బంది పనిభారం. కారు బరువు మోయాలి, యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పోనివ్వకూడదు, పక్కకి జరగనివ్వకూడదు, మెలితిరగనివ్వకూడదు. నాలుగు పనులూ దానివే. ఫోర్ లింక్‌లో బరువు కాయిల్ మోస్తుంది, మిగతా పనులు రాడ్లు పంచుకుంటాయి. అందుకే దేనికి దాన్ని విడిగా సర్దుకోవచ్చు. దాని గొప్పతనమంతా అదే, నేనేమీ తక్కువ చేయను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగాను. నాన్న లారీల కమాన్ కట్టలు కట్టేవారు. లారీ లోపలికి రాగానే ముందు పానాతో పట్టీల మీద ఒక్కొక్కటిగా తట్టేవారు. బాగున్న పట్టీ గంటలా మోగుతుంది, పగులు పట్టిన పట్టీ బొంగురుగా పలుకుతుంది. ఆ తర్వాతే డ్రైవర్ని ఏమైందని అడిగేవారు. మీరూ మీవాడూ ఒక శనివారం పొద్దున్న అదే పద్ధతిలో మొదలుపెట్టండి.

జాకీ స్టాండ్లని బాడీ కింద పెట్టకుండా యాక్సిల్ కింద పెట్టండి, కారు బరువు స్ప్రింగుల మీదే ఉండాలి. టార్చి పట్టుకుని పట్టీ ముందు కన్ను దగ్గరికి వెళ్ళండి. లోపలి రబ్బరు బుష్ పెచ్చులు పెచ్చులుగా ఎండిపోయి, మధ్యలోని ఇనుప గొట్టం కన్నుకి నట్టనడుమ లేకుండా ఒక పక్కకి వాలి ఉంటే, మీ యాక్సిల్ సగం స్వేచ్ఛగా తిరుగుతున్నట్టే. పొడుగాటి ఇనుప రాడ్ పెట్టి మెల్లగా ఎత్తి చూడండి, ఎంత ఆడుతోందో చేతికే తెలుస్తుంది. పట్టీ వెనక చివరని పట్టుకునే షాకిల్ బుష్‌లూ అంతే. యూ బోల్టులు ఎంత బిగువుగా ఉన్నాయో చూడండి. యాక్సిల్ నుంచి రెండు వైపులా ఫ్రేమ్ రైల్‌కి ఎంత దూరమో టేపుతో కొలిచి రాసుకోండి. పట్టీ ముందు కన్ను బిగించే చోట తుప్పు ఉందేమో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఆ చోటు మెత్తబడి ఉంటే ఏ పట్టీ వేసినా నిలవదు. తర్వాత చిన్న కెమెరా ఒకటి యాక్సిల్ ముక్కు కనిపించేలా కిందివైపు గట్టిగా బిగించి, ఖాళీ స్థలంలో సగం తొక్కుడుతో రెండుసార్లు కదిలించి వీడియో తీయండి. ముక్కు ఎంత లేస్తోందో మీవాడు కళ్ళారా చూస్తాడు. ఏ దారి పట్టినా ఈ పని వృథా పోదు.

ఇప్పుడు దారులు.

మొదటిది, ఒంటి పట్టీ తీసి మంచి పట్టీల కట్ట వేయడం. కొత్త బుష్‌లు, మంచి షాకులు, ముందున్న సబ్‌ఫ్రేమ్‌ని వెనక రైళ్ళతో కలిపే కనెక్టర్లు దీంతోపాటే. ఈ కనెక్టర్ల మాట మీకు ఎవరూ చెప్పలేదంటే ఆశ్చర్యంగా ఉంది. కమారోకి ముందు భాగంలోనే విడి ఫ్రేమ్ ఉంటుంది, వెనకంతా రేకు బాడీ. నడుమ కలిపేది ఫ్లోరే. మీ ఇంజన్ బలానికి ఆ నడుము మెలితిరుగుతుంటే వెనక ఏం పెట్టినా కొలతలు నిలకడగా ఉండవు. ఒంటి పట్టీ నుంచి కట్టకి మారితే కింది ప్లేట్లు, బోల్టులు కూడా మారతాయి, ఆర్డరు పెట్టేటప్పుడే అడగండి. బిగించాక డ్రైవ్ షాఫ్ట్ కోణం కొలవండి, అవసరమైతే పట్టీకీ హౌసింగ్‌కీ మధ్య చీలిక ముక్క వేసి సర్దాలి. బుష్ బోల్టుల ఆఖరి బిగింపు మాత్రం చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలికపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. ఈ దారిలో ఖర్చు మీ 8,000లో సగం కూడా దాటదని నా అంచనా, చాలా పని మీ గరాజులోనే అవుతుంది. దడదడ చాలావరకు తగ్గుతుంది. కానీ పక్కకి జరగడం పూర్తిగా పోదు, గతుకుల మీద పట్టీల రాపిడి తెలుస్తుంది. మళ్ళీ వెనక్కి తిప్పుకోలేని పని ఏదైనా ఉంటే కనెక్టర్లు వెల్డింగ్ చేయడమే, బోల్టులతో బిగించేవి కొంటే ఆ చింతా లేదు.

రెండోది మీ స్నేహితుడు చెప్పిన ట్రాక్షన్ బార్లు. కాల్‌ట్రాక్స్ లాంటివి పట్టీ ముందు కన్ను దగ్గర తిరిగే మడతతో ఉంటాయి. యాక్సిల్ ముక్కు లేవబోతే ఆ బలాన్నే మలిచి పట్టీ ముందు సగం మీద నొక్కుతాయి. తిన్నగా పరిగెత్తడానికి వాటిని మించిన బేరం లేదు, ఈ మాటలో మీ స్నేహితుడు నిజమే చెప్పాడు. మలుపులకి మాత్రం అవి ఏమీ చేయవు. గట్టిగా సర్దిపెడితే మలుపులో వెనక భాగం బిగుసుకుపోయి చటుక్కున జారుతుంది. మీరు రాసిన లెక్కన డ్రాగ్ స్ట్రిప్‌కి ఏడాదికి ఒక్కసారి, పార్కింగ్ లాట్‌లో కోన్‌ల మధ్య మలుపులు తిప్పే ఆటోక్రాస్‌కి రెండు మూడుసార్లు, మిగతాదంతా ఆదివారం షికార్లు. ఆయన చెప్పింది ఆయన కారుకి సరైన సలహా.

మలుపులో యాక్సిల్ పక్కకి జరిగే ఇబ్బందికి పాన్‌హార్డ్ రాడ్ అనే మూడో దారి ఉంది. యాక్సిల్‌కి ఒక చివర, బాడీకి ఇంకో చివర కట్టిన అడ్డరాడ్డు ఇది. పట్టీల కట్టతోపాటు ఇదీ వేస్తే టైరు ఫెండర్‌కి రాసుకోవడం చాలావరకు ఆగుతుంది. రాడ్ ఎంత పొడుగుంటే అంత మంచిది, యాక్సిల్ పైకీ కిందకీ ఆడేటప్పుడు పక్కకి గీసే వంపు అంత తక్కువ. అయితే ముందు మీ చక్రాల కొలతే తప్పేమో చూడండి. రాపిడి ఒక్కవైపే ఉందా, రెండు వైపులా ఉందా మీరు రాయలేదు. ఒక్కవైపే అయితే నాకు చక్రాల మీద కన్నా యాక్సిల్ నట్టనడుమ లేదనే అనుమానం ఎక్కువ.

ఇక ఫోర్ లింక్. రెండు కింది రాడ్లు, రెండు పై రాడ్లు. నాలుగూ సమాంతరంగా ఉంటే పక్కకి జరక్కుండా పాన్‌హార్డో వాట్స్ లింకో తప్పనిసరి. పై రెండూ ఏటవాలుగా ఉంటే అదనపు రాడ్ అక్కర్లేదు. ఈ రెండో రకం మన కార్లకి కొత్తేమీ కాదు, 1964 నుంచి 1972 దాకా షెవర్లే చెవెల్‌లకి ఫ్యాక్టరీయే ఇచ్చింది. మంచి కిట్ సరిగ్గా బిగిస్తే మీ కారు మలుపులో గతుకు తగిలినా కుదురుగా ఉంటుంది, ఎత్తు మీ ఇష్టం వచ్చినట్టు సర్దుకోవచ్చు. కానీ షాపు వాళ్ళని కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద తీసుకోండి. పై రాడ్ల కోసం ఫ్లోర్ ఎక్కడెక్కడ కోస్తారు, వెనక సీటు ఉంటుందా? ఇదివరకు బరువు పట్టీ రెండు చివర్లలో పడేది, కాయిలోవర్లు పెడితే అదంతా షాకుల పైచోటు మీద పడుతుంది, అక్కడ కొత్త క్రాస్‌మెంబర్ వేస్తారా? రాడ్ల చివర్లలో ఏ కీళ్ళు? గట్టి పాలీయురేథేన్ బుష్‌లైతే కారు ఒరిగినప్పుడు బిగుసుకుంటాయి, అన్నివైపులా తిరిగే కీలు కావాలి. సైలెన్సర్ పైపులు మళ్ళీ వేయాల్సి వస్తే అది 9,500లో ఉందా? కనెక్టర్లు ఉన్నాయా? కారు ఎన్నాళ్ళు వాళ్ళ దగ్గర ఉంటుంది?

టార్క్ ఆర్మ్ అని ఇంకొకటుంది. డిఫరెన్షియల్ నుంచి ముందుకి గేర్‌బాక్స్ దగ్గరిదాకా వెళ్ళే పొడుగాటి చేయి. 1982 నుంచి 2002 దాకా కమారోలన్నీ దాని మీదే నడిచాయి. బ్రేకు వేసేటప్పుడూ వేగం పెంచేటప్పుడూ యాక్సిల్ నిశ్చలంగా ఉంటుంది. ఆటోక్రాస్ మీద మీవాడికి నిజంగా మనసుంటే ఫోర్ లింక్ కన్నా దీన్నే చూడమంటాను. పని మాత్రం దాదాపు అంతే.

ఇవన్నీ ఒక ఎత్తు, మీ టెన్ బోల్ట్ యాక్సిల్ ఒక్కటీ ఒక ఎత్తు. అది 8.2 అంగుళాల క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ళచక్రం) ఉన్నది. ఇప్పటిదాకా అది బతికి ఉండటానికి టైరు పట్టు జారిపోవడం కూడా ఒక కారణం. వెనక భాగాన్ని మీరు ఏ పద్ధతిలో బాగుచేసినా టైరు నేలని గట్టిగా పట్టుకుంటుంది, అప్పుడు ఎల్ఎస్3 బలమంతా ఆ పళ్ళ మీదే పడుతుంది. 12 బోల్టులదో, ఫోర్డ్ 9 అంగుళాలదో ఏదో ఒకరోజు కొనక తప్పదు. అసలు కూడలి ఇక్కడుంది. కొత్త హౌసింగ్ కొన్నప్పుడు దాని మీద పట్టీల సీట్లయినా వెల్డింగ్ చేయించాలి, ఫోర్ లింక్ బ్రాకెట్లయినా వేయించాలి. ముందు పట్టీలకి చేయించి, రెండేళ్ళకి మనసు మార్చుకుని మళ్ళీ వెల్డింగ్ చేయిస్తే హౌసింగ్ వంకరపోయే ప్రమాదం ఉంది, డబ్బు రెండుసార్లు పోతుంది. కాబట్టి పట్టీలా, లింకులా అన్న నిర్ణయానికి గడువు యాక్సిల్ కొనే రోజు. ఈరోజే తేల్చాల్సిన పని లేదు.

డబ్బు సంగతీ ఇక్కడే తేలుతుంది. షాపు చెప్పిన 9,500లో యాక్సిల్ లేకపోతే, మీ 8,000 అయిపోయాక ఖరీదైన సస్పెన్షన్ కింద పాత టెన్ బోల్ట్ వేలాడుతూ ఉంటుంది. పట్టీల దారిలో వెళితే యాక్సిల్‌కి డబ్బు మిగులుతుంది, కానీ యాక్సిల్ కొన్నరోజు పట్టీలకే కట్టుబడినట్టు. లేదంటే పట్టీల కట్ట మాత్రం ఇప్పుడు వేసుకుని, టెన్ బోల్ట్‌ని కనికరించి నడుపుతూ, ఒక ఏడాది ఆటోక్రాస్ అయ్యాక మీకేం కావాలో తెలిశాక యాక్సిల్, లింకులు కలిపి చేయించుకోవచ్చు. అలాగైతే ఈ పట్టీల మీద పెట్టిన కొన్ని వందలు తర్వాత పోయినట్టే లెక్క. నా మనసు ఈ చివరిదాని వైపే ఉంది, కానీ పాదం కింద ఎల్ఎస్3 పెట్టుకుని ఏడాదిపాటు కనికరించగలరా అన్నది మీకే తెలియాలి.

ఇప్పుడు ఆ పెద్దావిడ మాట. "ముక్కలు చేయకండి" అన్నారని రాశారు. ఈ దేశంలో పాత కారు పోయే రెండో దారి మీకు తెలుసు కదా: డోర్లు ఒకరికి, గ్రిల్ ఒకరికి, అద్దాలు ఇంకొకరికి అమ్మి, మిగిలిన డొక్కు తుక్కుకి వేసేస్తారు. ఆవిడ భయపడింది దానికేనేమో. ఫ్లోర్‌లో రెండు చోట్ల కోయడం గురించి ఆవిడ ఆలోచించి ఉంటారని నాకనిపించడం లేదు. మీరు ఇంజనే మార్చారు, అది ఆవిడ చూసే ఉంటారు, మీ వీధిలోనే ఉన్నారు కదా. అయినా నేను ఊహించడం, మీరు మథనపడటం ఎందుకు? నడిచి వెళ్ళి అడగండి. కారు తీసుకునే వెళ్ళండి. ఆవిడ "అస్సలు కోయొద్దు" అంటే పట్టీల దారి మీకు ఖాయమైపోయింది, అది చిన్న దారేమీ కాదు. "మీ కారు, మీ ఇష్టం" అంటే ఆ బరువు దిగిపోతుంది.

మీవాడి విషయం కొంచెం జాగ్రత్తగా చెబుతాను. వాడు ఫోర్ లింక్ అడగడంలో తప్పేమీ లేదు, ఉన్నవాటిలో మంచిదే అడిగాడు. కానీ షాపులో ఫోర్ లింక్ అంటే పని చేసేది వాళ్ళు, వాడు ఫొటోలు చూస్తాడు. గరాజులో పట్టీలంటే యూ బోల్టు బిగించేది వాడు. ఫోర్ లింక్ మీరే చేయాలనుకుంటే వెల్డింగ్ బాగా వచ్చిన మనిషి పక్కన ఉండాలి, పది నెలలు కూడా చాలకపోవచ్చు.

మీ ఆవిడ అడిగిన ప్రశ్న చదివి నేను చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. 2009లో నాన్న ఆరు నెలలు ఉండటానికి మా దగ్గరికి వచ్చారు. నా 1970 చెవెల్ అప్పుడు బాడీ ఒక చోట, ఫ్రేమ్ ఒక చోట. హౌసింగ్ బ్రాకెట్ల పని ఒక షాపుకిచ్చాను, అది రేపూ మాపూ అంటూ నెలలు జరిగింది. ఆయన రోజూ మధ్యాహ్నం గరాజులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు, కంట్రోల్ ఆర్మ్‌ల మీద పానాతో తట్టి చూసేవారు. "దీంట్లో పట్టీలు లేవేంట్రా" అని నవ్వేవారు. ఒక్కసారి కూర్చోబెట్టి తిప్పమన్నారు. నవంబరులో వెళ్ళిపోయారు, మరుసటేడు పోయారు. చెవెల్ రోడ్డెక్కింది ఆ తర్వాతే. అందుకని షాపు వాళ్ళు మూడు నెలలంటే దాన్ని ఆరుగా లెక్కేసుకుని, ఆ ఆరు నెలలూ మీవాడు ఇంట్లో ఉన్న నెలలేనని గుర్తుపెట్టుకోండి. అది తెలిసీ ఫోర్ లింకే కావాలని తండ్రీకొడుకులిద్దరూ కూర్చుని అనుకుంటే, ఆగస్టు తర్వాత కారు షాపుకిచ్చి, వాడు సంక్రాంతి వేళకి సెలవులకి ఇంటికొచ్చేసరికి తయారుచేయించే పద్ధతి కూడా ఒకటుంది.

యాక్సిల్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య కొలతలు, ఆ వీడియో, ముందు కన్ను బుష్ ఫొటో నాకు పంపండి. టైరు రాసుకుంటున్నది ఏ వైపో కూడా రాయండి.